ప్లాస్మా కోత చెడినప్పుడు తప్పు ఎక్కడ వెతకాలి

విద్యుత్తుతో విపరీతంగా వేడెక్కించిన గాలి ధారతో (ప్లాస్మాతో) లోహాన్ని కోసే ప్లాస్మా కట్టర్‌తో నిన్నటిదాకా నున్నగా తెగిన ప్లేటు ఇవాళ ఏటవాలుగా తెగుతుంటే, కింది అంచున చిట్టెం గడ్డకట్టి సుత్తికి కూడా లొంగకపోతే, పనిచేసేవారి చేయి సాధారణంగా ముందు కరెంటు నాబ్ మీదికే వెళ్తుంది. ఆంపియర్లు పెంచి చూస్తారు. అది కుదరకపోతే గాలి ఒత్తిడి పెంచుతారు. అదీ కుదరకపోతే యంత్రం పాతబడిందని తేల్చేస్తారు. అయితే యంత్రం లోపలి విద్యుత్ భాగాలు బాగానే ఉండి, కోత మాత్రం పాడయ్యే సందర్భాలే ఎక్కువ. లోపం చాలావరకు టార్చ్ మొనలో అరిగే భాగాల్లోనో, వాటికి అందే గాలిలోనో, ప్లేటుకూ నాజిల్‌కూ మధ్య ఎడంలోనో, టార్చ్ కదిలే వేగంలోనో ఉంటుంది. వీటిలో ఏది గాడి తప్పిందో నాబ్‌లు తిప్పి కనుక్కోవడం కష్టం. విప్పిన భాగాలనూ తెగిన అంచునూ పరిశీలనగా చూసి కనుక్కోవడం తేలిక.

టార్చ్ లోపల మధ్యలో రాగి ఎలక్ట్రోడ్, దాని ముందు సన్నని రంధ్రమున్న రాగి నాజిల్, ఆ రెంటి మధ్య గాలిని సుడి తిప్పే స్విర్ల్ రింగ్, వీటన్నిటినీ పట్టి ఉంచే క్యాప్, బయట నాజిల్‌కు కవచంగా షీల్డ్ ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కగానే ఎలక్ట్రోడ్‌కూ నాజిల్‌కూ మధ్య పైలట్ ఆర్క్, అంటే తొలి చిన్న విద్యుత్ మెరుపు, పుడుతుంది. గాలి దాన్ని రంధ్రం గుండా బయటికి తోస్తుంది. అది ప్లేటును అందుకోగానే విద్యుత్తు నాజిల్‌ను వదిలి ప్లేటులోకి, అక్కడి నుంచి ప్లేటుకు తగిలించిన ఎర్త్ క్లాంప్‌లోకి మళ్లుతుంది. ఆ ఇరుకు రంధ్రంలోంచి సాగే ప్లాస్మా ఉష్ణోగ్రత సుమారు 20,000 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. రాగి 1,085 డిగ్రీలకే కరిగిపోతుంది. అయినా నాజిల్ నిలబడుతోందంటే, సుడి తిరిగే చల్లని గాలి పొర ఒకటి ఆర్క్‌కూ రంధ్రం గోడకూ మధ్య తెరలా అడ్డు నిలవడమే కారణం. టార్చ్ సంరక్షణలో సగానికి పైగా పని ఈ పలుచని పొరను కాపాడుకోవడమే. గాలి తగ్గినా, అందులో తడి చేరినా, రంధ్రం గుండ్రదనం పోయినా ముందుగా చెదిరేది అదే.

ఎలక్ట్రోడ్‌ది వేరే కథ. యూనియన్ కార్బైడ్ సంస్థలో పనిచేసిన రాబర్ట్ గేజ్‌కు ప్లాస్మా టార్చ్ మీద 1957లో పేటెంట్ వచ్చింది. ఆ తొలి తరం టార్చ్‌లలో టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్‌ను వాడేవారు, ఆర్గాన్, హైడ్రోజన్, నైట్రోజన్ వంటి వాయువులను పంపేవారు. మామూలు గాలిని పంపితే అందులోని ఆక్సిజన్ తగిలి వేడెక్కిన టంగ్‌స్టన్ చూస్తుండగానే కాలిపోతుంది. గాలితోనే కోసే టార్చ్‌లు సాధ్యమైంది రాగి మొనలో హాఫ్నియం వంటి లోహపు ముక్కను పొదగడం వల్ల. హాఫ్నియం సుమారు 2,230 డిగ్రీలకు కరుగుతుంది. ఆక్సిజన్‌తో కలిసి అది ఏర్పరచే ఆక్సైడ్ అంతకన్నా దాదాపు 500 డిగ్రీల ఎక్కువ వేడికి గానీ కరగదు. పైగా ఆ ఆక్సైడ్ వేడిలో ఎలక్ట్రాన్లను ధారాళంగా వెదజల్లుతుంది. కొత్త ఎలక్ట్రోడ్‌ను వెలుతురులో తిప్పి చూస్తే ఎర్రని రాగి మొన మధ్యలో ఆవగింజంత బూడిదరంగు చుక్క కనిపిస్తుంది. ఎలక్ట్రోడ్ ఆయుష్షంతా ఆ చుక్కలోనే ఉంది.

ఆర్క్ వెలుగుతున్నంతసేపు ఆ చుక్క ఉపరితలం కరిగిన బొట్టుగా మారి, ఉన్నచోటనే నిలిచి ఉంటుంది. నష్టం ఎక్కువగా జరిగేది ఆర్క్ మొదలైనప్పుడూ ఆగినప్పుడూ. ఆరిన క్షణంలో ఆ బొట్టులో కొంత చిమ్మి పోతుంది, మిగిలింది గడ్డకట్టి పగుళ్లిస్తుంది. మళ్లీ వెలిగించినప్పుడు ఆ పగిలిన పొరలో కొంత ఊడిపోతుంది. కాబట్టి ఎలక్ట్రోడ్ ఆయుష్షును గంటల్లో చెప్పడం పెద్దగా ఉపయోగపడని లెక్క. పొడవాటి పట్టీలు కోసే పనిలో రోజంతా నిలిచిన ఎలక్ట్రోడ్, చిన్న చిన్న రంధ్రాలు వందల కొద్దీ కోసే పనిలో మధ్యాహ్నానికే అయిపోవచ్చు. దాన్నిబట్టి ఎలక్ట్రోడ్ నాసిరకమన్న నిర్ణయానికి రావలసినదేమీ లేదు. ఎన్ని నిమిషాలు కోశారన్న దానికన్నా ఎన్నిసార్లు వెలిగించారన్నది రాసుకుంటే, ఒకే రకం పనిలో ఎలక్ట్రోడ్ ఎప్పుడు మార్చాలో కొద్ది రోజుల్లోనే అంచనాకు అందుతుంది.

హాఫ్నియం తరిగేకొద్దీ చుక్క ఉన్నచోట గుంట పడుతుంది. ఆ గుంట మొన మధ్యలో, గుండ్రంగా, నెమ్మదిగా లోతవుతుంటే అది సహజమైన అరుగుదల. గాలితో కోసే చిన్న, మధ్యస్థ యంత్రాల్లో లోతు సుమారు 1.5 మి.మీ. దాటితే మార్చెయ్యాలి, ఖచ్చితమైన హద్దు ఆయా యంత్రం మాన్యువల్‌లో ఉంటుంది, లోతు కొలిచే చిన్న గేజ్ దొరికితే కంటి అంచనా మీద ఆధారపడనక్కరలేదు. ఇంకొన్ని కోతలు లాగవచ్చులే అని వదిలేస్తే, హాఫ్నియం పూర్తిగా పోయి ఆర్క్ రాగిని పట్టుకుంటుంది. అప్పుడు ఆర్క్‌లో పచ్చని ఛాయ కనబడుతుంది. అది రాగి ఆవిరవుతున్న రంగు. ఆ దశలో ఎలక్ట్రోడ్ ఒక్కటే పోదు, వెంట నాజిల్‌నూ తీసుకుపోతుంది, కొన్నిసార్లు టార్చ్ తలను కూడా. గుంట పక్కకు జరిగి ఉంటే మాత్రం గాలి సుడి సరిగా లేదనీ, స్విర్ల్ రింగ్ పగిలిందో దాని రంధ్రాల్లో ఏదైనా అడ్డుపడిందో చూడాలనీ అర్థం. ఎలక్ట్రోడ్ మొన నల్లగా మాడి, గుంట చుట్టూ రాగి కూడా తినేసినట్టు ఉంటే అనుమానించవలసింది గాలిని.

నాజిల్‌ను పరిశీలించడానికి దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని రంధ్రంలోంచి చూడాలి. రంధ్రం అచ్చంగా గుండ్రంగా ఉండాలి, బయటి అంచు పదునుగా ఉండాలి. కోడిగుడ్డు ఆకారానికి సాగినా, ఒకవైపు గాడి పడినా ఆర్క్ ఆ వైపుకు వంగి కోతలో ఏటవాలు వస్తుంది. ఎంత నైపుణ్యంతో నడిపినా అది సరికాదు. నష్టం బయట ఉందా లోపల ఉందా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న. బయటి ముఖం మీద గాట్లు, కరిగిన లోహపు చుక్కలు ఉంటే నాజిల్ ప్లేటుకు మరీ దగ్గరగా వచ్చిందనీ, రంధ్రం పొడిచేటప్పుడు పైకి ఎగసిన లోహం తగిలిందనీ తెలుస్తుంది. లోపలి గోడ మీద సన్నని కాలిన గీతలు, మచ్చలు ఉంటే గాలి తక్కువైందనో, అందులో తడి ఉందనో, ఎలక్ట్రోడ్‌ను హద్దు దాటి వాడారనో అర్థం. అలాగే 40 ఆంపియర్ల నాజిల్ పెట్టి 60 ఆంపియర్లు పంపితే ఆ సన్న రంధ్రంలో ఆర్క్ పట్టక రెండుగా చీలుతుంది: ఒకటి ఎలక్ట్రోడ్ నుంచి నాజిల్‌కు, మరొకటి నాజిల్ నుంచి ప్లేటుకు. దీన్ని డబుల్ ఆర్క్ అంటారు, నాజిల్‌ను ఇంతకన్నా వేగంగా పాడుచేసేది మరొకటి లేదు. తిరగేసి, పెద్ద నాజిల్‌తో తక్కువ కరెంటు వాడితే నాజిల్‌కు హాని ఉండదు గానీ, ఆర్క్ బిగువు లేక కోత వెడల్పవుతుంది, అంచు మొద్దుబారుతుంది. రంధ్రంలో ఏదైనా అడ్డుపడిందని తీగతోనో డ్రిల్ బిట్‌తోనో కెలకడం చాలాచోట్ల అలవాటుగా ఉంది. మెత్తని రాగి మీద కంటికి కనబడని గీత పడినా చాలు, ఆర్క్ ఆ గీతనే పట్టుకుంటుంది.

ఎలక్ట్రోడ్‌నూ నాజిల్‌నూ జతగానే మార్చాలన్న సలహా అమ్మకం కోసం చెప్పేదని కొందరు అనుకుంటారు. ఆ అనుమానంలో న్యాయం లేకపోలేదు గానీ, సలహా మాత్రం సరైనదే. లోతైన గుంట పడిన ఎలక్ట్రోడ్ నుంచి వచ్చే ఆర్క్ నిలకడగా ఉండదు, కొత్త నాజిల్ రంధ్రాన్ని అది మొదటి గంటలోనే సాగదీస్తుంది. అరిగిన నాజిల్‌లో కొత్త ఎలక్ట్రోడ్ పెట్టినా కోత మెరుగుపడదు. ఖర్చు తగ్గించుకోవాలంటే నికరమైన మార్గం ఒకటి ఉంది: కొద్దిగా అరిగిన జతలను పారేయకుండా విడిగా ఒక డబ్బాలో ఉంచి, అంచు ఎలా ఉన్నా పర్వాలేని తుక్కు కోతలకు వాడుకోవడం.

మిగిలిన భాగాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. స్విర్ల్ రింగ్ చాలా జతల ఎలక్ట్రోడ్‌లను దాటి నిలుస్తుంది. పగులు, మాడిన మచ్చ, రంధ్రాల్లో దుమ్ము లేకుండా చూసుకుంటే చాలు. షీల్డ్ మీద పేరుకున్న లోహపు చుక్కలను గీకి తీసెయ్యాలి, లేకపోతే దాని సందుల్లోంచి వచ్చే చల్లబరిచే గాలి పక్కదారి పడుతుంది. గాలి కారకుండా ఆపే రబ్బరు వలయం, ఓ-రింగ్, ఎండినట్టుంటే సిలికోన్ గ్రీజు వేలికి అంటీ అంటనట్టు రాస్తే సరిపోతుంది. మెరిసేంత పూసిన గ్రీజు గాలి దారిలోకి చేరి కాలుతుంది, దుమ్మును పట్టుకుంటుంది. క్యాప్‌ను వేళ్లతోనే బిగించాలి. పానా వేసి బిగిస్తే మరలు పాడవుతాయి. వదులుగా వదిలేస్తే భాగాల మధ్య విద్యుత్ స్పర్శ సరిగా కుదరక, బిగించాల్సిన చోట్లే ఆర్క్ చేసి కాలిపోతాయి.

గాలి దగ్గరే అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి, దాని మీదే అన్నిటికన్నా తక్కువ అనుమానం పోతుంది. కారణం స్పష్టమే: కంప్రెసర్ నడుస్తోంది, మీటరు ముల్లు ఉండవలసిన చోటే ఉంది. అయితే ఆ ముల్లు గాలి ఆగి ఉన్నప్పుడు చూపే ఒత్తిడితో టార్చ్‌కు పనిలేదు; ట్రిగ్గర్ నొక్కి గాలి పారుతున్నప్పుడు ఎంత మిగిలిందన్నదే లెక్క. సన్నని, పొడవైన హోసు, ఇరుకైన కప్లింగ్, మూసుకుపోయిన ఫిల్టర్ ఉంటే గాలి ఆగి ఉన్నప్పుడు 6 బార్లు చూపిన మీటరు పారుదలలో 4 బార్ల కిందికి జారిపోవచ్చు. చేతి టార్చ్‌లు చాలావాటికి నిమిషానికి 150 నుంచి 200 లీటర్ల గాలి కావాలి. కంప్రెసర్ పలక మీద రాసి ఉండేది తరచు పిస్టన్ లెక్కన వచ్చే సంఖ్య, వాస్తవంగా బయటికొచ్చే గాలి అంతకన్నా తక్కువ. టాంకు నిండి ఉన్నంతసేపు కోత బాగుండి, రెండు మూడు నిమిషాల తర్వాత చెడిపోతోందంటే కంప్రెసర్ అందించలేకపోతోందన్న మాటే. ఒత్తిడి మరీ ఎక్కువైనా మేలు జరగదు: ఆర్క్ సరిగా అంటుకోదు, అంటుకున్నా ఆరిపోతుంది, హాఫ్నియం బొట్టు తొందరగా ఊడిపోతుంది.

తడి విషయంలో ఒక చిన్న భౌతిక సూత్రం చాలామంది కష్టాన్ని వివరిస్తుంది. కంప్రెసర్ గాలిని నొక్కినప్పుడు అది వేడెక్కుతుంది, వేడి గాలి తనలోని నీటిని ఆవిరిగానే పట్టి ఉంచుతుంది. ఆ గాలి టాంకులోనూ పైపుల్లోనూ చల్లారాక నీరు బొట్లుగా విడివడుతుంది. అందువల్ల కంప్రెసర్ మూతి దగ్గరే వాటర్ సెపరేటర్ బిగిస్తే, ఆవిరి దానిగుండా దర్జాగా వెళ్లిపోయి అవతల హోసులో నీరవుతుంది. సెపరేటర్ ఉండవలసింది గాలి చల్లారిన తర్వాత, కట్టర్‌కు దగ్గరగా. టాంకు అడుగు నీటిని రోజూ వదలాలి, ముసురు పట్టిన రోజుల్లో రోజుకు ఒకటికి రెండుసార్లు. పని ఎక్కువగా ఉన్నచోట చల్లబరిచి తడి తీసే డ్రయ్యర్ గానీ, తడిని పీల్చే గుళికలు నింపిన డ్రయ్యర్ గానీ తప్పదు. కంప్రెసర్ నూనె ఆవిరిని ఆపడానికి ప్రత్యేకమైన ఫిల్టర్ కావాలి, నీటి సెపరేటర్ ఆ పని చెయ్యలేదు. పరీక్ష సులువు: ఆర్క్ వెలగకుండా గాలిని మాత్రం వదిలే గ్యాస్ టెస్ట్ స్థితిలో యంత్రాన్ని ఉంచి, టార్చ్ మొన ముందు శుభ్రమైన అద్దం ముక్కనో తెల్ల కాగితాన్నో కొద్ది క్షణాలు పట్టుకోవాలి. అద్దం మసకబారినా, కాగితం మీద పసుపు మరక పడినా ఆ గాలితో ఎంత ఖరీదైన ఎలక్ట్రోడ్ పెట్టినా దండగే.

భాగాలూ గాలీ సరిగా ఉన్నాయని తేలాకే కోత అంచును చదవడానికి అర్థం ఉంటుంది. ముందు వేగం. మెత్తని ఉక్కు ప్లేటును చేతి టార్చ్‌తో కోస్తున్నప్పుడు కింది నుంచి చిమ్మే నిప్పురవ్వలు నిటారు గీతకు 15 నుంచి 30 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటే వేగం సరిపోయినట్టు. రవ్వలు నేరుగా కిందికి రాలుతుంటే టార్చ్ నెమ్మదిగా పోతోంది. బాగా వెనక్కి చీపురులా పరుచుకుంటే, ప్లేటు పైకే ఎగసిపడితే తొందరపడుతోంది. అంచు మీద మిగిలే చిట్టెం కూడా ఈ సంగతినే చెబుతుంది గానీ, దాన్ని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. లావుగా, బుడిపెలుగా కింద వేలాడుతూ సుత్తితో ఒక దెబ్బ వేస్తే పలకలుగా ఊడిపోయే చిట్టెం నెమ్మదిగా కోసినందువల్ల వచ్చింది: ఆర్క్‌కు ఎదురుగా తగినంత లోహం లేక అది పక్కలను తింటూ కోతను వెడల్పు చేస్తుంది, అంత కరిగిన లోహాన్ని తోసేసే బలం గాలికి చాలదు. సన్నని గీతలా అంచుకు వెల్డ్ చేసినట్టు అతుక్కుని, గ్రైండర్ పెడితే తప్ప పోని చిట్టెం వేగం ఎక్కువైనందువల్ల వచ్చింది. ఈ రెండోదాన్ని చూసి ఇంకా వేగంగా పోవాలనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. ఈ రెంటికీ నడుమ చిట్టెం దాదాపు ఉండని వేగం ఒకటి ఉంటుంది. తుక్కు ముక్క మీద వేగం మారుస్తూ నాలుగైదు కోతలు కోసి చూస్తే ఏ మందానికి ఆ వేగం ఎంతో దొరుకుతుంది. కోత ముఖం మీది గీతలు కూడా పనికొస్తాయి: అవి కింది భాగంలో బాగా వెనక్కి వంగి ఉంటే వేగం ఎక్కువ, దాదాపు నిలువుగా ఉంటే తక్కువ.

తర్వాత ఎత్తు. పై అంచు గుండ్రబడి, కోత పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉంటే టార్చ్ ప్లేటుకు మరీ దూరంగా ఉంది. కోత పైకన్నా కింద వెడల్పైతే మరీ దగ్గరగా ఉంది. నాజిల్‌కూ ప్లేటుకూ మధ్య ఎడం చాలా యంత్రాల్లో 1.5 నుంచి 3 మి.మీ. మధ్య ఉంటుంది. ప్లేటు మీద ఆనించి లాగడానికి తయారైన షీల్డ్ ఉన్న టార్చ్‌లో ఆ ఎడాన్ని షీల్డే చూసుకుంటుంది. షీల్డ్ లేని నాజిల్‌ను ఆనించి లాగడం మాత్రం, తక్కువ ఆంపియర్లకు అందుకోసమే తయారైన నాజిల్ అయితే తప్ప, డబుల్ ఆర్క్‌ను పిలిచి తెచ్చుకోవడమే.

ఏటవాలు రెండు పక్కలా సమానంగా లేకపోవడాన్ని చూసి టార్చ్ వంకరగా ఉందని అనుకోనక్కరలేదు. స్విర్ల్ రింగ్ గాలిని సాధారణంగా సవ్యదిశలో తిప్పుతుంది కాబట్టి, టార్చ్ సాగే దిశకు కుడివైపు అంచు నిటారుగానూ ఎడమవైపు అంచు కొన్ని డిగ్రీల వాలుతోనూ తెగడం ప్లాస్మా స్వభావం. మంచి అంచు మనకు కావలసిన ముక్క మీద మిగలాలంటే ముక్క బయటి గీతను సవ్యదిశలో, లోపలి రంధ్రాలను అపసవ్యదిశలో కోయాలి. ఈ సంగతి తెలియక, టార్చ్‌ను యంత్రమే నడిపే టేబుల్ యంత్రాల్లో టార్చ్ పట్టే బ్రాకెట్‌ను పదే పదే సరిదిద్దుతూ కాలం వృథా చేసుకోవడం కద్దు. టార్చ్ ఎటు సాగినా వాలు ప్లేటుకు ఒకే దిక్కున ఉంటే మాత్రం తప్పు బ్రాకెట్‌దే. సాగే దిశతో పాటు వాలు కూడా మారుతుంటే తప్పు ఎవరిదీ కాదు.

వీలైన ప్రతిచోటా ప్లేటు అంచు నుంచి కోత మొదలుపెట్టడం నాజిల్‌కూ షీల్డ్‌కూ మేలు. మధ్యలో పొడవక తప్పనప్పుడు కరిగిన లోహానికి కిందికి దారి దొరికేదాకా అది పైకే ఎగసివస్తుంది. చేతి టార్చ్‌ను సుమారు 45 డిగ్రీలు వాల్చి వెలిగించి, రవ్వలు మనిషికి ఎడంగా చిమ్ముతుండగా నెమ్మదిగా నిలువుకు తెస్తే ఆ లోహం నాజిల్ మీద పడదు. టేబుల్ యంత్రంలో పొడిచే ఎత్తు కోసే ఎత్తుకు ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండాలి, రంధ్రం పూర్తయ్యాకే టార్చ్ కిందికి దిగి కదలాలి. కోత చివరన ఆర్క్‌ను ప్లేటు దాటించి గాలిలోకి లాగడం మరో చెడ్డ అలవాటు. ఆర్క్ సాగి సాగి తెగిపోతుంది, కరెంటునూ గాలినీ క్రమంగా తగ్గించి హాఫ్నియం బొట్టును నిలిపే అవకాశం యంత్రానికి దక్కదు. ట్రిగ్గర్ వదిలాక కొద్ది సెకన్ల పాటు వచ్చే గాలి చల్లబరచడానికే వస్తుంది, అది ఆగకముందే యంత్రం కట్టెయ్యకూడదు. ప్లేటు లేకుండా టార్చ్‌ను ఊరికే వెలిగించి చూడటం కూడా నష్టమే, ఎందుకంటే పైలట్ ఆర్క్ తినేది నాజిల్‌నే.

ఎర్త్ క్లాంప్ గురించి ఒక్క మాట. తుప్పు, రంగు గీకిన చోట, తెగి కింద పడిపోయే ముక్కకు కాక నిలిచి ఉండే ముక్కకే దాన్ని తగిలించాలి. స్పర్శ సరిగా లేకపోతే ఆర్క్ ప్లేటులోకి మళ్లలేక పైలట్ ఆర్క్‌గానే తచ్చాడుతుంది. నాజిల్ త్వరగా పోవడానికి ఇది కూడా ఒక కారణమని తట్టక, భాగాల నాణ్యతను తిట్టుకునేవారు ఉన్నారు.

టార్చ్ మొనను విప్పే ముందు యంత్రం పవర్ తప్పనిసరిగా ఆపాలి. వెల్డింగ్ యంత్రంలో ఉండే కొద్ది పదుల వోల్టులు కావివి, ఆర్క్ లేనప్పుడు ఎలక్ట్రోడ్ దగ్గర 200 వోల్టులకు మించే ఉంటాయి. కళ్లకు 40 నుంచి 60 ఆంపియర్ల కోతకు 6వ నంబరు అద్దం, 60 నుంచి 80 ఆంపియర్లకు 8వ నంబరు అద్దం కావాలి. జింకు పూసిన రేకు, స్టెయిన్‌లెస్ స్టీలు కోసేటప్పుడు వచ్చే పొగ హానికరం కాబట్టి గాలి బయటికి లాగే ఏర్పాటు ఉండాలి. ప్లేటు కింద నీరు నింపి ఉండే నీటి టేబుల్ మీద అల్యూమినియం కోస్తే కింద హైడ్రోజన్ పోగై పేలే ప్రమాదం ఉంది, దానికి తగిన ఏర్పాటు లేకుండా ఆ పనికి పూనుకోకూడదు.

కోత ఎంత నున్నగా వచ్చినా, గాలితో కోసిన ఉక్కు అంచులోకి గాలిలోని నైట్రోజన్ కొంత చేరి పలుచని గట్టి పొర ఏర్పడుతుంది. ఆ అంచును అలాగే వెల్డ్ చేస్తే అతుకులో సూదిబెజ్జాల్లాంటి రంధ్రాలు రావచ్చు, రంధ్రంలో మర వేయబోతే మర కోసే పనిముట్టు, ట్యాప్, విరగవచ్చు. వెల్డింగ్‌కు పోయే అంచును గ్రైండర్‌తో మెరిసే లోహం తేలేదాకా తీసెయ్యాలి. ట్యాప్ వేయవలసిన రంధ్రాన్ని ప్లాస్మాతో పూర్తి కొలతకు కోయకుండా కొంత చిన్నదిగా కోసి, మిగిలినది డ్రిల్‌తో పూర్తిచేయాలి.